1973 ప్రెసిడెంట్ (ఫియట్ 1100) రేసుకి తయారు చెయ్యాలంటే ఏది ముందు, ఏది వెనక?

గూడూరు_గేర్:
అన్నలకి నమస్కారం. బండి 1973 ప్రీమియర్ ప్రెసిడెంట్. స్టీరింగు పక్కన గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. ఇంజను పట్టేసుంది, హ్యాండిల్ వేసినా తిరగట్లేదు. ఫుట్‌బోర్డు కింద రేకు చేత్తో నొక్కితే పొడి రాలతా ఉంది. కాయితాలు సరిగ్గానే ఉన్నాయి. షోలవరం (చెన్నై దగ్గరి పాత రేసు ట్రాకు) రోజుల్లో 1100లు పరిగెత్తినట్టే దీన్ని ట్రాకు మీదికి తీసుకుపోవాలని. మెకానిక్కు ముందు ఇంజను దించుదాం అంటున్నాడు, టింకరింగ్ ఆయన ముందు బాడీ అంటున్నాడు. ఎవరి మాట వినాల?

మూలాపేట_మైక్రోమీటర్:
టింకరింగ్ ఆయన మాట విను. 1100కి విడిగా చాసిస్ లేదు, బాడీయే చాసిస్. ఫుట్‌బోర్డు కింద పొడుగునా ఉండే డొల్ల బాక్సు తుప్పు పట్టిందంటే బండి నడుం పోయినట్టే. ఇంజనుకి ఎంత పెట్టినా ఆ నడుం మీదే కదా పని చెయ్యాల్సింది. మన జిల్లాలో తీరం గాలి ఒక పక్క, రొయ్యల లారీలు హైవే మీద కార్చుకుంటూ పోయే ఉప్పునీళ్ళు ఇంకో పక్క. తుప్పు పైకి ఎక్కడా కనపడదు. అయస్కాంతం తీసుకుని తలుపుల కింది అంచు, చక్రాల గూళ్ళు, డిక్కీ నేల, కమాను కట్ట ముందు చివర బిగించే చోటు అన్నీ తడుము. పట్టని చోటల్లా లప్పమే.

బాక్సు కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా 25 మి.మీ. చదరపు ట్యూబు టాక్ వెల్డింగ్ చెయ్యాలి, రెండు పక్కలా. తర్వాత జాక్ స్టాండ్లు చక్రాల దగ్గర, సస్పెన్షన్ మోసే చోట పెట్టి కొయ్యండి. బాడీ మధ్యలో ఎత్తి కోస్తే రెండు చివరలూ వాలిపోతాయి. అట్లాగే వెల్డింగ్ చేశారనుకో, తలుపు జన్మలో మూసుకోదు. రెండు పక్కలూ ఒకేసారి కొయ్యొద్దు.

బాక్సుకి 18 గేజి (1.2 మి.మీ.), నేలకీ గూళ్ళకీ 20 గేజి (0.9 మి.మీ.) సరిపోతుంది. గ్యాసు వెల్డింగ్ వద్దు, రేకు అలలు అలలుగా లేస్తుంది. మిగ్‌తో (తీగ దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్) ఒక అంగుళం వేసి, ఒక చెయ్యి దూరం జరిగి ఇంకో అంగుళం వెయ్యాలి. మొదటిది చల్లారాక మళ్ళీ వెనక్కి. లోపలి వైపు జింకు ప్రైమరు ముందే కొట్టి, అంతా అయ్యాక బాక్సు లోపలికి మైనం స్ప్రే చెయ్యాలి. నీళ్ళు పొయ్యే చిల్లులు మూసెయ్యొద్దు. చాలామంది అక్కడే లప్పం పెట్టి మూసేస్తారు, రెండో వానాకాలానికి మళ్ళీ మొదటికొస్తుంది.

ఒంగోలు_ఓవర్‌హాల్:
బాడీ ముందు, ఒప్పుకుంటా. కానీ పట్టేసిన ఇంజన్ని ఆర్నెల్లు అట్లా వదలొద్దు, తుప్పు లోపల బోర్లని తింటా ఉంటుంది. ఈరోజే ప్లగ్గులు పీకి, ఒక్కో బోరులోకి 30-40 సీసీ డీజిలూ గేర్ ఆయిలూ సగం సగం కలిపి పొయ్యి. వారం నానాక గేరు వేసి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. సెల్ఫ్ కొట్టొద్దు, రింగులు విరుగుతాయి.

హెడ్డు తీసేటప్పుడు అసలు గండం. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. మన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోసుంటారు, స్టడ్లకీ హెడ్డుకీ మధ్య తెల్లపిండి పేరుకుపోయి ఉంటుంది. ఉలి పెట్టి లేపారా, ఫేసు పోయినట్టే. నట్లు చివర్ల నుంచి మధ్యకి విప్పు. ప్లగ్గు రంధ్రాల్లో సన్న తాడు కుక్కి, పిస్టనుతోనే కింద నుంచి తోయిస్తే చదరంగా లేస్తుంది. బిగించేటప్పుడు దీనికి తలకిందులు: మధ్య నుంచి చివర్లకి, మూడు విడతల్లో, టార్క్ రెంచితో. ఒకసారి వేడి చేసి పూర్తిగా చల్లారాక మళ్ళీ ఒక వరస.

లెక్కలు చెప్తా, రాసుకో. బోరు 68, స్ట్రోకు 75, మొత్తం 1089 సీసీ. ఒక్కో సిలిండరుకి 272.4 సీసీ. బోరు పైనా కిందా, అడ్డం నిలువూ నాలుగు చోట్ల కొలిపించు. కోలగా పోయుంటే బోరు కొట్టించాల్సిందే. పిస్టన్లు చేతికొచ్చాకే బోరు కొట్టించాలి, ముందే కొట్టించి పిస్టను కోసం వెతకొద్దు. ఒక్కో పిస్టన్ని కొలిచి ఆ బోరుని దానికే సరిపెట్టమని లేత్ షాపులో నిలబడి చెప్పు. గ్యాపు ఎంతన్నది పిస్టను కంపెనీ చెప్పిందే ఖాయం. రింగు చివరల గ్యాపు మాత్రం 68 బోరుకి 0.30 మి.మీ. దగ్గర పెట్టు. రేసులో వేడి ఎక్కువ, రింగు పెరిగి చివరలు ముట్టుకుంటే అంచు విరిగి పిస్టన్ని చీరేస్తుంది.

క్రాంకుకి మెయిన్ బేరింగులు మూడే, గుర్తుపెట్టుకో. నాలుగు సిలిండర్లు మూడింటి మీద ఊగుతాయి. ఆయిల్ గ్యాపు జర్నల్ (క్రాంకులో బేరింగు పట్టే గుండ్రటి భాగం) వ్యాసంలో వెయ్యోవంతు, అంటే 50 మి.మీ. జర్నలుకి 0.05. క్రాంకు, ఫ్లైవీలు, క్లచ్చు ప్లేటు అన్నీ కలిపి బ్యాలెన్సింగ్ చేయించకుండా 5,500 దాటించొద్దు. 6,000 దగ్గర పిస్టను సగటు వేగం సెకనుకి 15 మీటర్లు, అది పెద్ద వేగమేం కాదు. కానీ మధ్య బేరింగు ముందు చచ్చేది అక్కడే.

సింగరాయకొండ_స్పార్కు:
వాల్వు సీట్ల (హెడ్డులో వాల్వు ఆనే వలయాల) ముచ్చట వదిలేశావన్నా.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత సీట్లు సీసం పొర మీద బతికినవి. ఎక్కువ ఆర్పీఎమ్‌లో ఎగ్జాస్టు వాల్వు సీటులోకి దిగిపోతా ఉంటుంది, టాపెట్ గ్యాపు (వాల్వుకీ దాన్ని నొక్కే రాకరుకీ మధ్య సందు) తగ్గిపోతుంది. శబ్దం లేదు కదా బాగుందనుకుంటారు, చివరికి వాల్వు మూసుకోక అంచు కాలిపోతుంది. గట్టి సీట్లు ఎగ్జాస్టు నాలుగింటికీ వేయించాల్సిందే. ప్రతి ప్రాక్టీసు తర్వాతా టాపెట్ చూడు. గ్యాపు పెరిగితే అరుగుదల, తగ్గితే సీటు దిగుతోందని లెక్క.

గూడూరు_గేర్:
మెకానిక్కు హెడ్డు రెండు మి.మీ. గీయించి కంప్రెషన్ 9కి పైన పెడదామంటున్నాడు. పవరు అక్కడే ఉందంట.

ఒంగోలు_ఓవర్‌హాల్:
ఎంత గీస్తే ఎంత పెరుగుతుందో కొలిచి చెప్పమను. కొలవకుండా గీసేది జూదం. హెడ్డు తిరగేసి, వాల్వులు గ్రీజుతో బిగించి, చిన్న చిల్లు పెట్టిన అద్దం ముక్క మూత పెట్టి, బ్యూరెట్‌తో కిరసనాయిలు పొయ్యి. పట్టిన సీసీలకి హెడ్డు గాస్కెట్టు కలపాలి. నొక్కుకున్నాక 1.2 మి.మీ. మందం, 70 మి.మీ. రంధ్రం అయితే 4.6 సీసీ. పిస్టను పైన మిగిలే ఖాళీ ఏమన్నా ఉంటే అదీ. అన్నీ కలిపి 40 సీసీ వచ్చిందనుకో, 272.4కి ఆ 40 కలిపి 40తో భాగిస్తే కంప్రెషన్ 7.8. 8.5 కావాలంటే 36.3కి తేవాలి, 9 కావాలంటే 34కి.

ఇప్పుడు చాంబరు నోటి వైశాల్యం గ్రాఫు కాయితం మీద అచ్చు తీసి గళ్ళు లెక్కపెట్టు. 32 చదరపు సెం.మీ. వస్తే, ఒక మి.మీ. గీస్తే పొయ్యేది 3.2 సీసీ. 8.5కి 1.2 మి.మీ. గియ్యాలి, 9కి దాదాపు 1.9. ఇది ఎన్ని చేతులు మారిందో తెలియని హెడ్డు, ఇదివరకు ఎన్నిసార్లు గీశారో తెలియదు. నీళ్ళ గది గోడ పల్చబడితే గాస్కెట్టు రేసు మధ్యలో ఊదుకుంటుంది. 8.5 దగ్గర ఆపు. నాలుగు చాంబర్లూ అర సీసీ తేడాలోపల సమానంగా ఉంటే, 9 పెట్టి ఎగుడుదిగుడుగా ఉన్నదానికంటే మేలు.

కావలి_కమాన్:
నేను ఒప్పుకోను అన్నా. ఇథనాల్ కలిసిన పెట్రోలు నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజను కొట్టుకోవడం) తట్టుకుంటుంది, పైగా బంకుల్లో 95 ఆక్టేన్ దొరుకుతా ఉంది. 9 పెట్టుకోవచ్చు. కొత్త హెడ్డు దొరికితే మాత్రమేలే.

ఒంగోలు_ఓవర్‌హాల్:
ఆ "దొరికితే" దగ్గరే కదా మన గొడవంతా.

సింగరాయకొండ_స్పార్కు:
ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి. ఇప్పుడు బంకులో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దీనికి గాలి-పెట్రోలు పాళ్ళు 13.5 దగ్గర, పాత శుద్ధ పెట్రోలుకి 14.7. అంటే అదే గాలికి 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. సోలెక్స్ కార్బురేటర్ జెట్టు మీద అంకె మిల్లీమీటరులో వందోవంతుల్లో వ్యాసం. 110 తీసి 115 వేస్తే వైశాల్యం సరిగ్గా 9 శాతం పెరుగుతుంది. అక్కడ మొదలుపెట్టు. జెట్టుని సన్న తీగతో గెలికి పెద్దది చెయ్యొద్దు, గుండ్రం పోతుంది.

ప్లగ్గు రంగు చూడాలంటే ఫుల్ థ్రాటిల్‌లో ఉండగానే ఇంజను ఆపి, న్యూట్రల్‌లో దొర్లించి ఆపి పీకాలి. ఐడ్లింగ్ మీద పిట్‌లోకి వస్తే కనపడేది ఐడ్లింగ్ రంగే.

పెట్రోలు లాగే ఏసీ పంపు డయాఫ్రం, ఫ్లోటు గిన్నె గాస్కెట్టు, రబ్బరు గొట్టాలు మూడూ మార్చాల్సిందే. పాత రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బి మెత్తబడుతుంది, దాని పొడి వచ్చి జెట్టులో కూర్చుంటుంది. ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ పెట్టొద్దు, మన గాలిలో తేమకి నీళ్ళు లాగి అడుగున విడిపోతుంది. రేసు అయ్యాక ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చెయ్.

డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు పక్కలకి ఊగుతుంటే పాయింట్ల గ్యాపు ఎంత పెట్టినా తిరిగే కొద్దీ మారుతుంది, టైమింగ్ గెంతుతుంది. ముందు బుష్షు. తర్వాత లోపలి స్ప్రింగులు. సాగిపోయిన స్ప్రింగు అడ్వాన్సు (స్పార్కు ముందుకి జరగడం) తొందరగా తెచ్చేస్తుంది, పిస్టన్లు చిల్లులు పడేది దీంతోనే. టైమింగ్ లైటుతో 1,000, 2,000, 3,000 దగ్గర చూసి రాసుకో. ఫైరింగ్ వరస 1-3-4-2.

మూలాపేట_మైక్రోమీటర్:
బ్రేకులు ఎవరూ ముట్టుకోలా. రేసు బండికి ఇంజనుకంటే ముందు రాయాల్సింది ఇదే.

ఆ కాలపు 1100లో మాస్టర్ సిలిండరు ఒకే సర్క్యూటు. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. రెండు సర్క్యూట్ల మాస్టర్ వేసుకో. కానీ ఏది పడితే అది కాదు. బోరు పాతదానికి సమానంగా ఉండాలి. పెద్దది వేస్తే పెడలు రాయిలా అవుతుంది, చిన్నది వేస్తే నేలకి దిగిపోతుంది. రెండోది, డిస్కు బండ్ల మాస్టర్ తెచ్చి డ్రమ్ములకి వేస్తే లైనులో మిగులు ప్రెషర్ ఉండదు. డ్రమ్ము సర్క్యూటుకి 10 పీఎస్‌ఐ దాకా పట్టి ఉంచే వాల్వు కావాలి. లేకపోతే వీల్ సిలిండరు కప్పులు ముడుచుకుని గాలి పీలుస్తాయి. ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసి (లైనులో గాలి తీసి)నా పెడలు మెత్తగానే ఉంటుంది, తప్పు బ్లీడింగ్‌దనుకుంటారు.

డ్రమ్ము వేడెక్కితే వ్యాసం పెరిగి షూకి దూరం జరుగుతుంది, అందుకే నాలుగో ల్యాపుకి పెడలు కిందకి పోతా ఉంటుంది. టర్నింగ్ ఎక్కువ పట్టించిన పల్చటి డ్రమ్ము ఇంకా తొందరగా వేడెక్కుతుంది. ఒక యాక్సిలు మీది రెండు డ్రమ్ములూ 0.1 మి.మీ. లోపల సమానంగా ఉండాలి, లేకపోతే బ్రేకు పట్టగానే ఒక పక్కకి లాగుతుంది. కొత్త లైనింగ్‌ని డ్రమ్ము వంపుకి గ్రైండింగ్ చేయించు. సుద్దముక్క డ్రమ్ముకి రాసి షూ ఆనించి తిప్పు, నడుమ మాత్రమే తెల్లగైతే మళ్ళీ గ్రైండింగ్.

బ్రేక్ ఆయిల్ డాట్ 4. కొత్తది 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పీల్చాక 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205, 140. సీలు తీసిన డబ్బా దాచి వచ్చే రేసుకి వాడొద్దు, తీరం తేమకి అది పనికిరాదు. ప్రతి రేసు మీటుకి ముందు కొత్తది.

గూడూరు_గేర్:
ఆటోనగర్‌లో ఒకాయన రోల్ కేజీ (పల్టీ కొడితే డ్రైవరుని కాపాడే పైపుల చట్రం) నీళ్ళ పైపుతో చేసిస్తానన్నాడు. "ఏనుగు ఎక్కినా వంగదు" అంటున్నాడు.

తడ_టైమింగ్:
ఏనుగు మెల్లగా ఎక్కుతుంది తమ్ముడూ. బండి పల్టీ కొట్టేది ఒక్క దెబ్బన. నీళ్ళ పైపు పట్టీని మడిచి అతికించింది, ఆ అతుకు వంపు దగ్గరో వెల్డింగ్ పక్కనో విచ్చుకుంటుంది. అంతర్జాతీయ నిబంధన (ప్రపంచ మోటారు రేసుల సంస్థ ఎఫ్.ఐ.ఏ. అనుబంధం జె) అడిగేది చల్లగా లాగిన, అతుకు లేని కార్బన్ స్టీల్ ట్యూబు. సీటు వెనక ప్రధాన విల్లు 45 మి.మీ. వ్యాసం 2.5 మందం, లేదా 50కి 2. మిగతావి 38కి 2.5, లేదా 40కి 2. వంచిన చోట ముడత పడకూడదు, ట్యూబు కోలగా పోకూడదు.

కాళ్ళ కింద 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. తగ్గని పలక బాడీకి వెల్డింగ్ చేసి, కాలికి కనీసం మూడు ఎమ్8 బోల్టులు, 8.8 గ్రేడు. నేల రేకు కొత్తదై ఉండాలనేది ఇందుకే. తుప్పు నేల మీద కేజీ పెడితే పల్టీలో కాళ్ళు నేలని చీల్చుకుని కిందకి దిగుతాయి. భుజం బెల్టులు వెనక్కి 10 నుంచి 45 డిగ్రీల లోపలే వాలాలి. ఎక్కువ వాలితే గుద్దుకున్నప్పుడు వెన్నెముకని కిందకి నొక్కుతాయి. బెల్టు ట్యాగు మీద గడువు చూసి కొను, సెకండ్ హ్యాండ్ తీసుకోవద్దు.

ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు మీటు సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ (ఆ రేసుకి విడిగా ఇచ్చే నిబంధనలు) తెచ్చుకుని చదువు. క్లాసు, కేజీ, టైరు, బ్రేకు మార్పులు ఏవి ఒప్పుకుంటారో అందులోనే ఉంటుంది. డ్రైవరుకి ఎఫ్.ఎమ్.ఎస్.సి.ఐ. (మన దేశపు మోటారు రేసుల సంఘం) కాంపిటీషన్ లైసెన్సు ఉండాలి.

ఇంకో సంగతి. షోలవరం మన హైవే పక్కనే ఉన్న రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే, పొడుగాటి స్ట్రెయిట్లు. ఆ బండ్లకి టాప్ స్పీడే బలం. 1990లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో వచ్చిన ట్రాకు 3.7 కి.మీ., మలుపుల మీద మలుపులు. అక్కడ పనికొచ్చేది మూడో గేరు లాగుడు, బ్రేకు, బ్యాలెన్సు. పాత ఫొటోలు చూసి సెట్టింగ్ చేసుకోవద్దు.

కావలి_కమాన్:
బ్యాలెన్సు అన్నారు కాబట్టి నా వంతు. వెనక కమాను పట్టీలు విడదీసి, విరిగినవి తీసి, మధ్యలో గ్రాఫైటు గ్రీజు రాసి, రెండు పక్కల వంపూ నేల మీద పెట్టి పోల్చు. సెంటర్ బోల్టు కొత్తది. పాతది తెగితే యాక్సిలు వెనక్కి జరుగుతుంది. ముందు కింగ్ పిన్నులూ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే పిన్నులు) బుష్షులూ రీమరుతో సరిపెట్టించు, సుత్తితో దిగగొట్టిన బుష్షు కోలగా ఉంటుంది.

తర్వాత నాలుగు చక్రాల బరువు. వేబ్రిడ్జి పనికిరాదు, అది 5, 10 కిలోల మెట్లలో చూపిస్తుంది. బియ్యం మిల్లుల్లో, హోల్‌సేల్ కొట్లలో 300 కిలోల కాటాలు ఉంటాయి. నాలుగు ఒకే రకం తెచ్చుకో. నీళ్ళ గొట్టంతో నాలుగూ ఒకే మట్టానికి తెచ్చి, టైర్లలో గాలి సరిచేసి, డ్రైవరు సీటులో అతనంత బరువు బియ్యం బస్తా కూర్చోబెట్టు. ముందు ఎడమ 250, కుడి 282, వెనక ఎడమ 233, కుడి 200 వచ్చిందనుకో. మొత్తం 965. ఐమూలగా ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 515, అంటే 53 శాతం పైన. అది 50 దగ్గరుండాలి. ఇట్లా ఉంటే ముందు ఎడమ చక్రం బ్రేకులో ముందే లాకవుతుంది, ఒక వైపు మలుపులో బాగుండి రెండో వైపు జారుతుంది. ముందు ఎడమ స్ప్రింగు కూర్చునే చోట 2-3 మి.మీ. వాషరు పలక పెడితే ఆ మూలా, దాని ఐమూల వెనక కుడీ బరువెక్కుతాయి, మిగతా రెండూ తగ్గుతాయి. పెట్టాక బండిని ముందుకీ వెనక్కీ దొర్లించి, బంపర్ నొక్కి వదిలి, మళ్ళీ తూచు.

ముందు స్ప్రింగు కోసి బండి కిందకి దించొద్దు. స్టీరింగు రాడ్లు అదే ఎత్తులో ఉంటాయి, గుంత తగిలితే చక్రాలు వాటంతటవే తిరుగుతాయి.

చీమకుర్తి_చిప్పు:
హెడ్డు ఫేసు చూసుకోడానికి మా ఊరి పాలిష్ గ్రానైట్ వాడచ్చా అని ఎవరైనా అడిగే ముందే చెప్తున్నా. వద్దు. పాలిష్ అంటే మెరుపు, మట్టం కాదు. గడప రాయికీ సర్ఫేస్ ప్లేటుకీ (మట్టం చూసే పలకకీ) తేడా ఉంది. 12 మి.మీ. అద్దం పలక మీద 320 నంబరు ఎమరీ పరిచి రుద్దితే ఎత్తు పల్లాలు కనపడతాయి. సరిచేసేది మాత్రం మిషన్ మీదే.

గూడూరు_గేర్:
రోడ్డు మీద కూడా తిప్పుకోడానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే?

తడ_టైమింగ్:
రెండూ కుదరవు. 2021 జూలైలో వచ్చిన నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, బాడీ ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్తగా చేయిస్తే రూ. 20,000, పదేళ్ళకి. అది చేయించినా రోజువారీ తిరగడానికి కుదరదు. కేజీ వేసి సీట్లు పీకేసిన బండి అసలు రూపంలో ఉన్నట్టు కాదు. కాయితాలు సరిగ్గా ఉన్నాయన్నావు కాబట్టి పాత నంబరు అట్లాగే ఉంచుకుని, ట్రాకుకి ట్రాలీ మీద తీసుకుపో. ట్రాలీ మీద బెల్టులు యాక్సిలుకీ కింది ఆర్ములకీ కట్టు, బాడీకి కట్టొద్దు. బాడీకి కడితే స్ప్రింగు ఊగినప్పుడల్లా బెల్టు వదులవుతుంది.

సింగరాయకొండ_స్పార్కు:
చల్లబరచడం మిగిలింది. రేడియేటర్ రోడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చెయ్యడం) సరిపోదు, కొత్త కోర్ వేయించు. బ్లాకు పక్క కోర్ ప్లగ్గులు పీకి లోపలి బురద తీగతో గీకి తియ్యాలి, నాలుగో సిలిండరు వెనక గట్టిగా పేరుకుంటుంది. బోరు నీళ్ళు మళ్ళీ పొయ్యొద్దు. డిస్టిల్డ్ వాటరు, అల్యూమినియంకి పనికొచ్చే కూలెంటు. రోహిణీ కార్తెలో టెస్టింగ్ పెట్టుకోవద్దు, బండి తప్పో ఎండ తప్పో తేలదు.

కావలి_కమాన్:
టైరు సంగతి కూడా. పాత 5.20-14 క్రాస్ ప్లైల కోసం తిరగొద్దు. 165/80 ఆర్14 రేడియల్ దొరుకుతుంది, బయటి వ్యాసం 620 మి.మీ. దగ్గర. రిమ్ము 4 అంగుళాల కంటే సన్నమైతే వెయ్యొద్దు. వేశాక స్టీరింగు పూర్తిగా తిప్పి, స్ప్రింగు నొక్కి, గూటి అంచుకి రాసుకుంటోందేమో చూడు. రేడియల్ పట్టు ఎక్కువ కాబట్టి పాత రిమ్ముల్లో నట్లు కూర్చునే చోట పగుళ్ళు వస్తాయి. రంగు గీకించి డై పెనిట్రెంట్ (పగుళ్ళు బయటపెట్టే రంగు) కొట్టి చూపించు. పగులున్న రిమ్ముకి వెల్డింగ్ పెట్టించొద్దు, పారెయ్.

గూడూరు_గేర్:
సరే. డీజిలూ గేర్ ఆయిలూ పోశాను. అయిదు రిమ్ముల్లో రెండిటికి నట్టు చుట్టూ గీతలు కనపడతా ఉన్నాయి. 14 అంగుళాల రిమ్ములు నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి.